బాబాయి టిఫిన్ సెంటర్లో అప్రైజల్

ఉద్యోగం కోసం ఎదురుచూసే రోజులు గడిచేటప్పుడు ఎంత పొడుగ్గా ఉంటాయో, తర్వాత తలుచుకుంటే అంత చప్పున అయిపోయినట్టు అనిపిస్తాయి. నా ఎదురుచూపులన్నీ కొండాపూర్‌లో, ఒక టిఫిన్ సెంటర్ గల్లా వెనక గడిచాయి. ఆ రోజుల్లో మాదాపూర్ అద్దాల మేడల ముందు నుంచి ఆటోలో వెళ్తుంటే, వాటిలో ఒకదాంట్లో నా కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉందనీ, దాని మీద దుమ్ము పడకుండా ఎవరో రోజూ తుడుస్తున్నారనీ గట్టిగా నమ్మేదాన్ని. భీమవరం దగ్గర కాలేజీలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, మెడలో తాడు వేసుకుని తిరిగే భాగ్యం (ఐడీ కార్డు తాడు గురించి చెబుతున్నాను, కంగారు పడకండి) ఇవాళో రేపో దక్కుతుందని హైదరాబాద్ వచ్చి బాబాయి ఇంట్లో దిగాను. తాడు దొరకలేదు. దాని బదులు ఒక అప్రాన్ దొరికింది. నీలం రంగుది, జేబు మీద సాంబారు మరక ఉన్నది.

మా బాబాయి, అంటే నాన్నకి సొంత తమ్ముడు, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్. మా వైపు చుట్టాల్లో ఎవరి పిల్లాడికి కంప్యూటర్ చదువు చెప్పించాలన్నా ముందు బాబాయిని అడగాల్సిందే. నేను వచ్చేసరికి ఆయన ఆ ఉద్యోగంలో లేడు. "ఒకరి కింద పనిచేసింది చాలన్నయ్యా. ఇక సొంతంగా ఏదైనా చేద్దామని వదిలేశాను" అని ఫోన్లో నాన్నకి చెప్పాడట. ఆ సొంతంగా చేసేది టిఫిన్ సెంటర్ అని తెలిసేసరికి మా నాన్న కంగారుగా మళ్లీ ఫోన్ చేశాడు. ఎందుకంటే బాబాయికి అప్పటికి కాఫీ కలుపుకోవడం కూడా రాదు. "వంట రానక్కర్లేదు. వంట వచ్చినవాళ్లని నడిపించడం రావాలి. ఇన్నేళ్లుగా నేను చేసిందదే" అన్నాడు ఆయన. ప్రభుత్వాఫీసులో పనిచేసే మా పిన్ని ఆ మాట విని ఏమీ అనలేదు. అనకపోవడానికి ఒక కారణం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సెంటర్ హాస్టళ్ల సందులో ఉండేది. ముందు నాలుగు నిలువు బల్లలు, లోపల ఒక పెనం, ఇడ్లీ స్టాండ్లు, మూలగా రోజంతా మూలిగే గ్రైండరు. పనిచేసేది ఇద్దరు. ఒకామెని అందరం అక్క అనేవాళ్లం. నారాయణపేట వైపు నుంచి భర్తతో వచ్చి, కట్టే భవనాల దగ్గర కూలీలకి వండిపెట్టి, ఆయనకి ఓ అపార్టుమెంట్లో వాచ్‌మన్ పని దొరికాక మా దగ్గర చేరింది. పిండి రుబ్బడం, ఇడ్లీలు, పచ్చళ్లు ఆమెవి. రెండో ఆయన దోశ మాస్టారు. నెల్లూరు మనిషి, సన్నగా, పెనం ముందు నిలబడితే గరిటె ఏదో ఆయనేదో తెలిసేది కాదు. తను పనిచేసిన పెద్ద హోటళ్ల గురించి చెప్పేటప్పుడు మాత్రం కొంచెం లావయ్యేవాడు.

మొదటి రోజే బాబాయి వినాయకుడి పటం పక్కన ఒక తెల్లబోర్డు కొట్టించాడు. పొద్దున ఆరింటికి, పెనం వేడెక్కేలోగా, అందరం దాని ముందు నిలబడాలి. దాన్ని స్టాండప్ అంటారట. ఒక్కొక్కరూ మూడు సంగతులు చెప్పాలి: నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, పనికి అడ్డం ఏమైనా ఉందా. మాస్టారు ప్రతిరోజూ చేతులు కట్టుకుని, "నిన్న దోశలు వేశానండీ. ఈరోజు దోశలు వేస్తానండీ. అడ్డం ఏమీ లేదండీ" అని స్కూల్లో ప్రతిజ్ఞ చదివినట్టు చదివేవాడు. అక్క అలా కాదు.

"సారూ, గీ మీటింగేందో కూసోవెట్టి చెయ్యరాదు? కాళ్లు గుంజుతున్నయ్."

"కూర్చుంటే మీటింగ్ సాగుతుందక్కా. నిలబడితే త్వరగా అయిపోతుంది. చెప్పండి, నిన్న ఏం చేశారు?"

"ఇడ్లీ జేసిన."

"ఇవాళ?"

"ఇడ్లీ జేస్త."

"పనికి అడ్డం ఏమైనా ఉందా?"

"నువ్వే ఉన్నవు సారూ. జర జరుగు, ఆవిరి వోతున్నది."

బాబాయి జరిగేవాడు. కానీ బోర్డు మీద 'అడ్డంకులు' అన్న గడిలో 'స్థలం కొరత' అని రాసుకునేవాడు. (ఆయన దేన్నీ వృథా పోనిచ్చేవాడు కాదు.)

ఒక స్టాండప్‌లో నాకు పదవి వచ్చింది. ఈ సందులో ఇడ్లీ, దోశ అమ్మేవాళ్లు ఇంతమంది ఉండగా జనం మన దగ్గరికే ఎందుకు రావాలి, కొత్తదనం ఉంటేనే వస్తారు, కొత్తదనానికి ఒకరు బాధ్యత వహించాలి అని చెప్పి, "అమ్మడూ, ఇవాళ్టి నుంచి నువ్వు మా ఇన్నోవేషన్ లీడ్" అన్నాడు. అక్క నా వైపు జాలిగా చూసి, "గట్లంటే ఏంది బిడ్డా, గిన్నెలు గూడ నువ్వే కడుగుతవా?" అని అడిగింది.

ప్రతి బుధవారం ఒక కొత్త టిఫిన్ రావాలి. అది రావాలంటే సోమవారం బాబాయికి చెప్పాలి. ఎవరు తింటారు, ఎందుకు తింటారు, తినకపోతే ఏం చేస్తాం అని ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాలి. మంగళవారం ఆయన ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోవడంలో ఆయన మార్పులు చేసేవాడు. గోంగూర ఇడ్లీ చేద్దామని నేనంటే, పులుపు అందరికీ పడదు కాబట్టి గోంగూర సగానికి తగ్గించమనేవాడు, తగ్గిస్తే రంగు రాదు కాబట్టి పాలకూర కలపమనేవాడు. బుధవారం పొద్దున మా ఇడ్లీ స్టాండులోంచి వచ్చింది గోంగూర ఇడ్లీ కాదు, పాలకూర ఇడ్లీ కాదు, నాచు పట్టిన ఇడ్లీ. ఓట్స్ పెసరట్టు పెనాన్ని వదలనంది. మాస్టారు దాన్ని గోకి గోకి తీస్తూ, "ఇది పెనం మీదే బాగుందండీ" అన్నాడు. అన్నిటికంటే నా పేరు నిలబెట్టింది బీట్‌రూట్ ఉప్మా. రోజూ వచ్చే ఒక క్యాబ్ డ్రైవర్ ప్లేటు చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, మెల్లగా అడిగాడు: "ఏంది మేడం, పొద్దుగాల పూజ గిట్ల జేసిన్రా? కుంకుమంత గిందులనే వడ్డది."

నవ్వొచ్చే సంగతులే ఇవన్నీ. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. రాత్రి పడుకునే ముందు రేపటి ఇంటర్వ్యూ గురించి కాదు, వచ్చే బుధవారం గురించి భయపడేదాన్ని. బాబాయి కూడా నవ్వేవాడు కాదు. ఒక్కో బుధవారం గడిచాక బోర్డు ముందు నిలబడి, పెన్ను మూత తీసి, చాలాసేపు ఏమీ రాయకుండా చూస్తుండేవాడు. ఆయనకి ఆ సెంటర్ నడవడం ఎంత అవసరమో ఆ వీపు చూస్తే తెలిసేది.

ఎండలు ముదిరాయి. ఎండాకాలంలో టిఫిన్ సెంటర్‌కి పెద్ద శత్రువు పక్క సెంటర్ కాదు, పులిసిపోయే పిండి. పొద్దున మెత్తగా, కమ్మగా ఉన్న పిండి మధ్యాహ్నానికి పొంగి, మూత ఎత్తగానే ముక్కు ముడుచుకునేలా అవుతుంది. ఫ్రిజ్ ఉన్నా, రోజంతా తీస్తూ వేస్తూ ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది? ఈ నష్టాన్ని అరికట్టడానికి బాబాయి బోర్డు మీద 'వృథా' అని ఇంకో గడి గీశాడు. ఎవరి చేతిలో పిండి పాడైతే వాళ్ల పేరు అందులో రాస్తారు. "ఇది శిక్ష కాదు, ఓనర్‌షిప్" అని వివరించాడు. ఓనర్ ఆయనే కదా, మా పేర్లెందుకని అక్క అడిగింది. ఆ ప్రశ్న ఏ గడిలోకీ ఎక్కలేదు.

అక్క పిండి పులిస్తే పులిసిందని చెప్పేది. గిన్నె తెచ్చి బాబాయి ముందు పెట్టి, "జూడు సారూ, ఖరాబైంది" అనేది. బాబాయి ఆమె పేరు రాసేవాడు. వారం తిరిగేసరికి ఆ గడి నిండా ఆమె పేరే. మాస్టారి పేరు ఒక్కసారి కూడా పడలేదు. ఆయన పిండి ఎప్పుడూ పులవకపోవడం మా అందరికీ ఆశ్చర్యంగానే ఉండేది. పెద్ద హోటళ్లలో నేర్చుకున్న కిటుకేదో అనుకునేదాన్ని. అంతకుముందు మాస్టారు తీరిక దొరికితే పెనం అంచున ఏదో ఒకటి చేసి చూసేవాడు. ఒకసారి దోశ మీద కరివేపాకు కారం చల్లి వేయించి నాకు పెడితే అద్భుతంగా ఉంది. ఆ గడి గీసినప్పటి నుంచి అదీ మానేశాడు. మళ్లీ చేయమని అడిగితే, "ఎందుకొచ్చిందమ్మా! దోశ వేస్తే నా పేరు ఎక్కడా రాయరు. నేను దోశే వేస్తాను" అన్నాడు. వంటింట్లో మాటలు తగ్గాయి. గ్రైండరు మూలుగు ఒక్కటే వినిపించేది. అదే సమయంలో సందు చివర రంగురంగుల దీపాలతో ఇంకో టిఫిన్ సెంటర్ తెరిచారు. మా బల్లల దగ్గర జనం పల్చబడ్డారు. ఇలాగే ఉంటే దసరా దాకా కూడా నడవదని పిన్ని ఒకసారి అనడం విన్నాను. బాబాయి దానికి జవాబుగా, మనుషుల పనితీరు అంచనా వేయాల్సిన సమయం వచ్చిందన్నాడు.

అదే అప్రైజల్.

ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించారు. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత ఆఫీసు బూట్లు తొడుక్కుని వచ్చాడు. ఆ బూట్లు చూడగానే నాకెందుకో భయమేసింది. లోపల గ్రైండరు పక్కన ఒక ప్లాస్టిక్ బల్ల, అటూ ఇటూ రెండు కుర్చీలు. ఒక్కొక్కరినే పిలుస్తాడట, మిగతావాళ్లు బయట ఉండాలట. బయట అంటే ఆరడుగుల దూరంలో ఉన్న పెనం దగ్గర. అడ్డంగా ఒక బియ్యం గోనెసంచి పరదా కట్టాడు. దాంతో మేం ఒకరినొకరం చూడలేకపోయాం గానీ, ప్రతి మాటా వినిపించింది.

మొదట నన్ను పిలిచాడు. "నువ్వు అంచనాలకి మించి పనిచేశావు అమ్మడూ. నీకు మొదటి రేటింగ్" అన్నాడు.

"నేను చేసినవి ఒక్కటీ అమ్ముడుపోలేదు కదా బాబాయ్" అన్నాను.

"ప్రతి బుధవారం తప్పకుండా ఏదో ఒకటి చేశావు. ప్రాసెస్ పాటించావు. అది ముఖ్యం."

పరదా అవతల మాస్టారు దగ్గాడు. తర్వాత ఆయన వంతు. ఆయన అంచనాలకి తగ్గట్టు ఉన్నాడట. వృథా అస్సలు లేదని బాబాయి ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. మాస్టారు "అలాగేనండీ" అని తల దించుకుని బయటికి వచ్చాడు. మెచ్చుకోలు అందుకున్న మనిషి నడకలా లేదది.

ఆ తర్వాత అక్క వెళ్లింది. కొంగుతో కుర్చీ తుడిచి, అంచున కూర్చుంది.

"అక్కా, మీరు బాధపడకూడదు. మీ పని కొంచెం మెరుగుపడాలి" అన్నాడు బాబాయి.

"ఇడ్లీ మెత్తగ వస్తలేదా సారూ?"

"అది బాగానే ఉంది."

"పచ్చట్ల ఉప్పు తక్కువైతున్నదా?"

"లేదక్కా, పచ్చడి అందరూ మెచ్చుకుంటున్నారు. కానీ మీ దగ్గర్నుంచి కొత్త ఆలోచన ఒక్కటీ రాలేదు. వృథాలో ఎక్కువసార్లు మీ పేరే ఉంది. అందుకని మీకు చివరి రేటింగ్ వచ్చింది."

"గదేందో నాకు సమజైతలేదు. నేను పని మంచిగనే జేస్తున్ననంటివి గద."

అప్పుడు బాబాయి ఆమెకి ఆ సూత్రం చెప్పడం మొదలుపెట్టాడు. ఏ సంస్థలోనైనా కొందరు చాలా బాగా చేస్తారు, ఎక్కువమంది మామూలుగా చేస్తారు, కొందరు కింద ఉంటారు, గీత గీస్తే అది కొండలా వస్తుంది అని చేత్తో గాలిలో కొండ గీసి చూపించాడు. (పరదా సందులోంచి చూశాను. చిన్నప్పుడు నాకు సైకిల్ నేర్పిన చెయ్యి అది.)

"మనం ముగ్గురమే ఉన్నం గద సారూ" అంది అక్క. "గీ ముగ్గురికి కొండేంది?"

"ఎంతమందైనా సరే. ఎవరో ఒకరు కింద ఉండాలక్కా. అది రూలు."

"ఎవలు వెట్టిన్రు గా రూలు?"

బాబాయి గాలిలో ఉన్న చెయ్యి దించేశాడు.

"అంటే నన్ను తీసేస్తున్నవా? గది జెప్పు సూటిగ. మా ఆయనకు జెప్పుకోవాలె. పిల్లను బడిల వేసినం."

కుర్చీ కిర్రుమంది. బాబాయి గొంతు వినిపించింది గానీ, అది స్టాండప్ గొంతు కాదు. మా ఊళ్లో తాతయ్య పోయినరోజు విన్న గొంతు.

"నన్నూ ఇలాగే కూర్చోబెట్టారమ్మా. ఏసీ గదిలో. ఎదురుగా కూర్చున్న కుర్రాడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. మీ పని బాగానే ఉంది సార్, కానీ ఎవరో ఒకరు కింద ఉండాలి కదా అన్నాడు. నేనూ అదే అడిగాను. ఎవరు పెట్టారీ రూలు అని. అతనికీ తెలీదు."

బాబాయి ఉద్యోగం వదిలేయలేదు. ఉద్యోగమే ఆయన్ని వదిలేసింది. ఇంట్లో ఆ సంగతి తెలిసింది పిన్నికి ఒక్కదానికే. ఇన్నాళ్లూ ఆమె ఏమీ అనకుండా ఉన్నది ఇందుకు. ఆరింటి మీటింగులు, బోర్డు, బుధవారాలు, ఇవన్నీ మమ్మల్ని నడిపించడానికి కాదు. తనకి ఆ పని ఇంకా వచ్చునని తనకి తనే రుజువు చేసుకోవడానికి.

మాస్టారు పరదా పక్కకి లాగి లోపలికి వెళ్లాడు. "అయ్యా, తమరు ఆమె పేరు కొట్టెయ్యాలండీ. నా పిండి కూడా పులిసేదండీ, రోజూ. నేను ఎవరూ చూడకుండా కాలవలో పోసేవాణ్ణి. పేరు పడుతుందని భయమేసింది. పెద్ద హోటల్లో ఒకసారి అందుకే నన్ను తీసేశారండీ" అన్నాడు. ఆ పెద్ద హోటళ్ల కథల్లో ఈ కథ ఎప్పుడూ చెప్పలేదాయన.

బాబాయి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. ఏం చేయాలో తోచక నేను మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాను. అక్క ఆయన్ని కాసేపు చూసి లేచింది.

"ఏడ్వకు సారూ. మనసుల వెట్టుకుంటే గిట్లనే గుబులైతది. పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

తినలేదని తల ఊపాడు. ఎవరమూ తినలేదు. అప్రైజల్ భయంతో ఎవరికీ ముద్ద దిగలేదు. వండుదామంటే కూరగాయల్లో గుప్పెడు ఉల్లికాడలు తప్ప ఏమీ లేవు, ఆదివారం కదా. రుబ్బి ఉన్నదల్లా ఒక గిన్నెడు ఇడ్లీ పిండి, అదీ బాగా పులిసింది. అక్క మూత తీసి, అలవాటుగా బోర్డు వైపు చూసింది. బాబాయి లేచి వెళ్లి, చొక్కా చేత్తోనే ఆ గడి మొత్తం తుడిచేశాడు. ఇస్త్రీ చొక్కా నల్లగా అయింది. మా పిన్ని తర్వాత ఆ మరక వదిలించడానికి చాలా తిప్పలు పడింది గానీ, ఎందుకు చేశావని అడగలేదు.

"మా అమ్మ ఇలాంటి పిండితో దిబ్బరొట్టె వేసేది. మూకుడులో నూనె పోసి, మందంగా పోసి, సన్నసెగ మీద" అన్నాడు బాబాయి, ముక్కు తుడుచుకుంటూ.

"గింత పులుపుకు ఉత్తగ పోస్తే నోట్ల వెట్టరాదు. జొన్నపిండి గలపాలె. నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు ఎయ్యాలె. మా దిక్కు గిన్నెల ఒత్తి కాల్చే సర్వపిండికి ఏసినట్లు."

"దిబ్బరొట్టెలో పల్లీలేంటక్కా!"

"సర్వపిండిల ఇడ్లీ పిండేంది సారూ! నేను అంటున్ననా?"

అక్కడ మొదలైంది. జొన్నపిండి ఎంత వేయాలన్న దగ్గర ఇద్దరూ గొడవపడ్డారు. ఉల్లికాడలు వద్దని బాబాయి, అవి లేకపోతే తను చేయి పెట్టనని అక్క. మాస్టారు మధ్యలోకి వచ్చి, కాడలు పిండిలో కలపకుండా అడుగున పరిస్తే మాడి రుచొస్తుందని, ఇద్దరికీ కాని మూడో మాట చెప్పాడు. పిండి గట్టిపడ్డాక మూకుడులో పోశారు. సర్వపిండికి చేసినట్టు వేలితో గుంటలు పెట్టి అందులో నూనె వేయాలని అక్క. వేలు కాలుతుందని బాబాయి. "నీ వేలా, నా వేలా?" అని అక్క. ఇంత గొడవ జరుగుతుంటే నాకు అర్థమైంది, ఆ వంటింట్లో కొన్ని వారాలుగా ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదని. ఏదీ అడగకుండా, ఏదీ కాదనకుండా ఇడ్లీ ఇడ్లీలా, దోశ దోశలా వేసుకుంటూ పోయామని.

మూత తీసేసరికి అడుగంతా ఎర్రగా కాలి, పైన మెత్తగా, మధ్యలో పల్లీలు, నువ్వులు కనిపిస్తూ, ఎవరి ఊరిదో చెప్పలేని రొట్టె ఒకటి వచ్చింది. పులుపు నోటికి తగిలీ తగలనట్టు ఉంది. అల్లం పచ్చడితో ముక్కలు తుంచుకుని, నిలబడే తిన్నాం. నలుగురం తిన్నాక, మిగిలిన ఒక్క ముక్క తీసేస్తే మూకుడు కడగక్కర్లేకుండా ఉంది. షట్టర్ కింద నుంచి పిన్ని వంగి లోపలికి వచ్చింది. ఆయన మొహం, చొక్కా చూసి ఏదో అడగబోయి, చివరి ముక్క నోట్లో వేసుకుని, "ఇదేంటి?" అంది.

"పంచాయితీ రొట్టె" అంది అక్క.

ఆ పేరుతోనే అమ్మాం. కానీ మొదటి రోజే జనం క్యూ కట్టారని చెబితే అది అబద్ధం. మొదటి సాయంత్రం తిన్నది సెక్యూరిటీ డ్యూటీ మారే వాళ్లు కొందరు, ఆ బీట్‌రూట్ ఉప్మా క్యాబ్ డ్రైవరు. (ఆయన ముందు వాసన చూసి, రంగు చూసి, మేడం చేసింది కాదు కదా అని అడిగి మరీ తిన్నాడు.) తర్వాత హాస్టల్ అమ్మాయిలు, తర్వాత ఆఫీసుల నుంచి తిరిగొచ్చేవాళ్లు. ఒకతను దీన్ని దేశీ పిజ్జా అన్నాడని అక్క ఆ వారమంతా అతనికి చిన్న ముక్క పెట్టింది.

రొట్టె కంటే పెద్ద మార్పు వేరే జరిగింది. ఆరింటి మీటింగ్ పోయింది. పొద్దున రద్దీ తగ్గాక అందరం కూర్చుని (కూర్చునే) కలిసి తినేవాళ్లం. ఎవరికి ఏం చేయాలనిపిస్తే అది కొంచెం చేసి అక్కడ పెట్టాలి. చెప్పక్కర్లేదు, అడగక్కర్లేదు. మా ప్లేట్లు ఖాళీ అయితే బయట బల్ల మీదికి వెళ్తుంది, లేకపోతే నవ్వుకుని మర్చిపోవాలి. పాడైనదాన్ని గిన్నెతో సహా మధ్యలో పెట్టి, దీన్ని ఏం చేద్దామని అడగాలి, ఎవరు చేశారని అడక్కూడదు. మాస్టారు ఒకరోజు పచ్చిమిర్చి హల్వా చేశాడు. దాన్ని తిన్నాక మేం ఒక గంట వరకూ ఒకరితో ఒకరం మాట్లాడలేకపోయాం. అయినా ఆయన మర్నాడు భయపడకుండా పనిలోకి వచ్చాడు. ఆయన కరివేపాకు కారం దోశ ఆ తర్వాతే బల్ల మీదికి వెళ్లింది. బాబాయి దోశ వేయడం నేర్చుకున్నాడు. అవి గుండ్రంగా ఎప్పుడూ రాలేదు. మాస్టారు వాటిని చూసి, "పర్లేదండీ, మెరుగుపడాలి" అనేవాడు. బాబాయే ముందు నవ్వేవాడు. ఉద్యోగం పోయిన సంగతి నాన్నకి ఆయనే ఫోన్ చేసి చెప్పుకున్నాడు. నాన్న మర్నాడు బస్సెక్కి వచ్చి, రెండు పంచాయితీ రొట్టెలు తిని, తమ్ముడి భుజం తట్టి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు.

ఆ సందులో మా సెంటర్ చాలా కాలమే నడిచింది. చివరికి ఆ ఇల్లు పడగొట్టి పెద్ద భవనం కడతామని యజమాని అనడంతో మూసేశాం. మాస్టారు నెల్లూరు వెళ్లిపోయాడు. అక్క, ఆమె భర్త పుప్పాలగూడలో సొంతంగా పెట్టుకున్నారు. ప్రారంభం రోజు బాబాయి అలవాటు మానుకోలేక, "అక్కా, వచ్చే ఐదేళ్లలో మీ విజన్ ఏంటి?" అని అడిగితే ఆమె ఆయన నోట్లో లడ్డూ కుక్కింది. నా కుర్చీ మాదాపూర్‌లో ఎవరో ఇంకొకరికి ఇచ్చేసినట్టున్నారు. నేనిప్పుడు కొండాపూర్‌లోనే చిన్న పిండివంటల కేంద్రం నడుపుతున్నాను. కొందరు ఆడవాళ్లు నాతో పనిచేస్తారు. చేగోడీలు, జంతికలు, కారప్పూస ఆఫీసులకి పంపిస్తాం.

పోయిన నెల మా దగ్గర కొత్తగా చేరిన పిల్ల, చేగోడీల్లో ఉలవపిండి కలిపి చేసి చూసింది. నాకు చెప్పలేదు. పళ్లెంలో పెట్టుకొచ్చి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. ఆ నిలబడటంలో భయం ఎంతో, ఆశ ఎంతో చెప్పలేను. చేగోడీ చూడటానికి చాలా అందంగా ఉంది. నోట్లో వేసుకుని గట్టిగా కొరికాను. టప్పుమని చప్పుడైంది. విరిగింది చేగోడీ కాదు.

"ఎట్లుంది మేడం?" అంది ఆ పిల్ల.

"రుచి బాగుంది తల్లీ. రేపు కొంచెం వెన్న కలిపి చూద్దాం" అన్నాను, మాట ఈలలాగా వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని.

సాయంత్రం దంతాల డాక్టరు నా పన్ను మీద తొడుగు మళ్లీ అతికిస్తూ, "ఈ వయసులో ఏం కొరికారు మేడం ఇంత గట్టిగా?" అని విసుక్కున్నాడు. బీట్‌రూట్ ఉప్మా రోజుల్లో అయితే ఆ మాటకి సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు నోరు తెరుచుకునే, ఆ అవస్థలోనే, ఎంతో గర్వంగా చెప్పాను:

"మా అమ్మాయి కొత్తగా చేసిందండీ!"